చల్లని నీటికి మెత్తని ఈక

ఐర్లండ్ పడమటి భాగంలో, గాల్వే నగరానికి ఉత్తరాన, లాఫ్ కారిబ్ సరస్సు సుమారు 176 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఆ దీవిలో లాఫ్ నే తర్వాత ఇంత పెద్ద సరస్సు మరొకటి లేదు. ఇక్కడ పెరిగే బ్రౌన్ ట్రౌట్ చేపలు చెరువులో వదిలి పెంచినవి కావు, సరస్సులో కలిసే వాగుల్లో తమంతట తాము పుట్టినవి. వాటికి గాలం వేసే కాలం ఏటా ఫిబ్రవరి 15న మొదలవుతుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు 60 డిగ్రీల ఎత్తున ఉంటే, కారిబ్ మీద 24 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. నీరు చేతికి జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. ఆ నీటిలోకి ఈకలతో, బొచ్చుతో కట్టిన ఏ ఎరను దింపాలన్న చర్చ మొదలైతే ముందుగా వచ్చే మాట రంగు. నలుపా, ముదురెరుపా, ఇటుక రంగా? ఇది తప్పుడు ప్రశ్న కాదు, కానీ దాని వంతు చివర రావాలి. కాలం తొలి వారాల్లో ఎర ఎంత వేగంగా కదలాలో నీటి చలి నిర్ణయిస్తుంది. ఆ వేగం ఏ ఈక వాడాలో నిర్ణయిస్తుంది. ఈ రెండూ కుదిరాక మిగిలిన కొద్ది పనే రంగుది. ఈ వరసను తలకిందులు చేసినందువల్లే చాలా మంచి ఎరలు మార్చిలో ఊరికే నీళ్లలో నానుతున్నాయని నా నమ్మకం.

ముందు ఆ ఎర ఎలాంటిదో చూడాలి. నీటి మీద తేలే ఎరను డ్రై ఫ్లై అంటారు, నీటిలో మునిగి పనిచేసేదాన్ని వెట్‌ఫ్లై అంటారు. గాలపు ముల్లును చిన్న పట్టుకర్రలో బిగించి, మైనం రాసిన పట్టుదారాన్ని దాని కాడ మీద వెనక దాకా చుట్టుకుంటూ వెళ్తారు. అక్కడ ఒక సన్నటి జరీ తీగ కొసను కట్టి వదిలేస్తారు. మైనం అంటిన దారానికి చిటికెడు బొచ్చును వేళ్ల మధ్య మెలిపెడితే అది నూలు పోగులా మారుతుంది. దాన్ని కాడ చుట్టూ తిప్పితే పురుగు ఒళ్లు తయారవుతుంది. దాని మీద జరీని ఎడంగా ఐదారు చుట్లు తిప్పితే ఒంటి మీద కణుపులు కనిపిస్తాయి. చివరికి తల దగ్గర ఒక కోడి ఈకను అంచు మీద నిలబెట్టి చుట్టినప్పుడు దాని పోగులన్నీ విచ్చుకుని చుట్టూ కాళ్లలా నిలుస్తాయి. ఈ చివరి చుట్టును హ్యాకిల్ అంటారు. ఇది కొత్త విద్యేమీ కాదు. మాసిడోనియాలో ఒక నది ఒడ్డున జాలరులు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, దానికి కోడిపుంజు ఈకలు రెండు అమర్చి మచ్చల చేపలను పడుతున్నారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు. ఆ పనిలో నేటికీ తేడా తెచ్చేది ఒకే ఒక్క ఎంపిక, అది పుంజు ఈకా, పెట్ట ఈకా అన్నది. ముదురు పుంజు మెడ ఈక పోగులు నిగనిగలాడుతూ బిరుసుగా ఉంటాయి, నీటిని పీల్చవు. పెట్ట ఈక పోగులకు అంచుల నిండా మెత్తటి నూగు ఉంటుంది. అవి నీటిని పట్టుకుని వెంటనే మునుగుతాయి, చిన్న కదలికకే వంగుతాయి.

ఇక చలి సంగతి. ట్రౌట్‌కు సొంత ఒంటివేడి లేదు, నీరు ఎంత చల్లగా ఉంటే దాని రక్తం, కండరం, కడుపు అన్నీ అంతే చల్లగా ఉంటాయి. ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సు ఒడ్డున జె. ఎం. ఇలియట్ 1970లలో బ్రౌన్ ట్రౌట్ మీద చేసిన ప్రయోగాలు ఈ రంగంలో ఇప్పటికీ పునాది లాంటివి. కడుపునిండా తిండి పెట్టినా సుమారు 4 డిగ్రీల కింద ఈ చేప పెరగదనీ, 13 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా పెరుగుతుందనీ ఆయన తేల్చాడు. అంతకన్నా మన వాదనకు పనికొచ్చే మరో ఫలితం ఉంది. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కడుపు ఖాళీ అయ్యే వేగం దాదాపు మూడింతలవుతుంది. దీన్ని వెనక్కి తిప్పి చూస్తే, మే నెలాఖరులో కొన్ని గంటల్లో అరిగిపోయే తిండి మార్చి మొదట్లో రోజంతా కడుపులోనే ఉంటుంది. తిన్నది అరగనప్పుడు మళ్లీ తినాలన్న తొందర ఉండదు. వచ్చే శక్తి నెమ్మదిగా వస్తున్నప్పుడు దాన్ని పరుగుల మీద ఖర్చుపెట్టడం చేపకు నష్టం. ఇది బద్ధకం కాదు, కచ్చితమైన లెక్క. చలినీటి ట్రౌట్ తింటూనే ఉంటుంది, కానీ తనకు దగ్గరగా వచ్చిన దాన్ని, తప్పించుకోలేని దాన్ని ఎంచుకుంటుంది.

అది ఎక్కడ తింటుందన్న విషయంలో ఒక పాత అపోహ ఉంది. చలికాలంలో చేపలు వెచ్చదనం కోసం లోతుకు పోతాయంటారు. పైన మంచు కట్టే సరస్సుల్లో దానికి కొంత అర్థం ఉంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువెక్కి అడుక్కి చేరుతుంది కాబట్టి అక్కడ అడుగే కాస్త వెచ్చన. కారిబ్‌లో అట్లాంటిక్ గాలి శీతాకాలమంతా నీటిని పై నుంచి కింది దాకా కలుపుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో అక్కడ పైనా కిందా దాదాపు ఒకే చలి, ఒకే ప్రాణవాయువు. లోతుకు పోతే చేపకు ఒరిగేదేమీ లేదు, అందుకని తిండి ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. సున్నపురాతి అడుగున్న ఈ సరస్సులో మార్చిలో దొరికే తిండి ప్రధానంగా ఒడ్డుకు దగ్గరి తక్కువ లోతుల్లో, రాళ్ల మధ్య, నాచు పొదల్లో ఉంటుంది. రాళ్ల మీద పాకే అసెల్లస్ అనే బూడిద రంగు పేను లాంటి జీవి, గామరస్ అనే మంచినీటి రొయ్య జాతి జీవి ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉంటాయి. అసెల్లస్ ఈదడం కన్నా నడవడమే ఎక్కువ. ఇక మార్చి చివరి నుంచి డక్‌ఫ్లై అని ఐరిష్‌వాళ్లు పిలిచే చిన్న నల్లటి పురుగు తోడవుతుంది. మన చెరువుల పక్కన వీధిదీపాల చుట్టూ మూగే కుట్టని దోమలదీ ఇదే కైరోనమిడ్ కుటుంబం. వీటి లార్వాలు సరస్సు అడుగున మెత్తటి బురదలో గొట్టాలు కట్టుకుని బతుకుతాయి. ప్రాణవాయువు అరకొరగా దొరికే ఆ చోట నిలదొక్కుకోవడానికి కొన్నిటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎర్రగా కనిపిస్తాయి. రెక్కలు రావలసిన సమయానికి ప్యూపాగా మారి, చర్మం కింద వాయువు నింపుకుని, మెలికలు తిరుగుతూ, మధ్య మధ్య ఆగుతూ పైకి లేస్తాయి. పై పొర కిందికి చేరి అక్కడ కాసేపు వేలాడతాయి. నాలుగైదు మీటర్ల నీటిని దాటడానికి వాటికి చాలా సేపు పడుతుంది. ఆ సేపంతా అవి ట్రౌట్ నోటికి అందుబాటులోనే ఉంటాయి.

ఇలా తినే చేపా, తినబడే పురుగూ రెండూ నెమ్మదిగానే ఉన్నాయి. గాలం దారాన్ని చురుగ్గా లాగితే ఎర సెకనుకు 30 సెంటీమీటర్లు కదులుతుంది, వేళ్ల మధ్య కొద్దికొద్దిగా మడుస్తూ పోగేస్తే మూడు సెంటీమీటర్లే కదులుతుంది. మార్చి నీటిలో రెండో వేగమే సరైనది. ఇక్కడే భౌతికశాస్త్రం అసలు చిక్కును ముందు పెడుతుంది. ఈక పోగు బతికున్నట్టు కదలాలంటే నీరు దాన్ని వంచాలి. వేగం పదో వంతుకు తగ్గితే వంచే బలం కూడా కనీసం పదో వంతుకు పడిపోతుంది. చల్లటి నీరు చిక్కగా ఉంటుంది కదా, ఆ లోటును అదే పూడ్చదా అని అడగవచ్చు. కొంత పూడుస్తుంది. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.00 మిల్లీపాస్కల్ సెకన్లయితే 5 డిగ్రీల దగ్గర 1.52. అంటే సగం ఎక్కువ. పది రెట్లు పోయిన చోట ఒకటిన్నర రెట్లు వచ్చిందన్నమాట, లోటు లోటుగానే మిగిలింది. దాన్ని పూడ్చడానికి కట్టేవాళ్ల చేతిలో ఉన్న మార్గం పోగు బిరుసును తగ్గించడమే. గుండ్రటి పోగు బిరుసు దాని మందపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, మందం సగమైతే బిరుసు పదహారో వంతవుతుంది. సన్నగా, నూగుతో ఉన్న పెట్ట ఈకో, కౌజు ఈకో, గోరింక జాతి స్టార్లింగ్ ఈకో చుట్టినప్పుడు ఆ పోగులు మూడు సెంటీమీటర్ల వేగానికే ముడుచుకుని, లాగడం ఆపగానే విచ్చుకుంటాయి. అదే వేగంలో పుంజు ఈక పళ్ల దువ్వెనలా నిలబడి ఉంటుంది. స్కాట్లండ్‌కు చెందిన డబ్ల్యూ. సి. స్టీవర్ట్ 1857లో ప్రచురించిన తన పుస్తకంలో మెత్తటి ఈకలతో పలచగా కట్టిన ఎరలను ఎంతో గట్టిగా సమర్థించాడు. ఆయనవి నది ఎరలు. నదిలో ప్రవాహమే ఈకను కదిలిస్తుంది. సరస్సులో ఆ సాయం లేదు కాబట్టి మెత్తదనం అవసరం ఇక్కడ ఇంకా ఎక్కువ.

పలచగా కట్టడం కూడా ఈ లెక్కలో భాగమే. బొచ్చు దట్టంగా దట్టిస్తే అందులో గాలి చిక్కుకుంటుంది, ఎర మునగడానికి మొరాయిస్తుంది. పెట్ట ఈకను రెండు చుట్లకు మించి తిప్పితే పోగులు ఒకదానికొకటి ఆనుకుని ముద్దవుతాయి, వంగడానికి చోటుండదు. కొత్తగా కట్టేవాళ్లు ఈకను పొదుపు చేయడానికి భయపడతారు, పెట్టెలో చూసినప్పుడు బక్కచిక్కిన ఎర ఆకలి తీర్చేలా కనిపించదు మరి. నీటిలో తడిపి చూస్తే ఆ భయం పోతుంది.

ఇప్పుడు రంగుకు రావచ్చు. రంగుకు విలువ లేదని నేను అనడం లేదు, దాని పని ఏమిటో కొలిచి చెప్పాలంటున్నాను. కింద ఉన్న చేప పైకి చూసినప్పుడు బయటి లోకమంతా సుమారు 97 డిగ్రీల కోణమున్న ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ వెలుగు నేపథ్యానికి అడ్డంగా వచ్చిన ఏ వస్తువైనా ముదురుగానే తోస్తుంది. వాలుగా పడే ఎండ, మబ్బు, అల, ఇవన్నీ కలిసిన మార్చి వెలుతురులో కచ్చితమైన ఛాయకన్నా ఆకారపు గట్టిదనం ముందు అందుతుంది. నలుపు అన్ని నీళ్లలోనూ పనికిరావడానికి కారణం ఇదే, డక్‌ఫ్లై నల్లగా ఉండడం అదనపు లాభం. నీటి రంగు ఇంకో సంగతి. పీట్ నేలల మీదుగా వచ్చిన నీటిలో కరిగిన కుళ్లిన ఆకుల రసాయనాలు నీలి, ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి, ఎరుపు, గోధుమ కాంతి మిగులుతుంది. ఐరిష్ సంప్రదాయంలో తేనీటి రంగు నీళ్లకు క్లారెట్ అనే ముదురెరుపు, ఫైరీ బ్రౌన్ అనే నిప్పు గోధుమ రంగు ఎంచుకోవడం వెనక ఈ భౌతిక కారణం ఉంది. ఐర్లండ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన టి. సి. కింగ్స్‌మిల్ మూర్ 1960లో అచ్చయిన తన పుస్తకంలో రంగుకన్నా ఒక మెట్టు పైకి వెళ్లి, వెలుతురు ఎరలోంచి దూరి రావడం గురించి పట్టుదలగా ఆలోచించాడు. ఆయన కట్టిన క్లారెట్ బంబుల్‌కు సీల్ బొచ్చు ఒళ్లు, దాని పొడవునా కలిపి చుట్టిన నలుపు, ముదురెరుపు ఈకలు, భుజం దగ్గర నీలి జే పక్షి ఈక ఉంటాయి. సీల్ బొచ్చు పోగులు అద్దంలా కాంతిని పోనిస్తాయి. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని చాలావరకు నిషేధించింది. ఇప్పుడు మేక బొచ్చుతో, కృత్రిమ పోగులతో అదే గుణం రాబట్టవచ్చు. ఒక ఎర కోసం సీల్‌ను చంపనవసరం లేదని తేలడం నాకు సంతోషమే.

దీనికి బలమైన అభ్యంతరం బ్లాగ్డన్ నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో ఉన్న ఈ జలాశయంలో 1904లో ట్రౌట్‌కు గాలం వేయడం మొదలైంది. మొదట్లో పెద్ద పెద్ద మిరుమిట్ల ఎరలు విసిరేవారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దగ్గరలోని రింగ్టన్ గ్రామంలో వైద్యుడిగా ఉన్న హెచ్. ఎ. బెల్ పట్టిన చేపల కడుపులు కోసి చూసి, అందులో దొరికిన పురుగులను పోలిన చిన్న ఎరలు కట్టాడు. ఆయన బ్లాగ్డన్ బజర్ కైరోనమిడ్ ప్యూపాకు నకలు. నల్లటి ఒళ్లు, బంగారు జరీ, తల దగ్గర ప్యూపా ఊపిరి పోగులను గుర్తుచేసే తెల్లటి పట్టు. పోలికే గెలిచిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? బెల్ సాధించింది గొప్పదే, సరస్సు ట్రౌట్‌ను అర్థం చేసుకోవడంలో ఆయన కత్తి నేర్పింది చాలా ఉంది. అయితే ఆయన మార్చింది రూపం ఒక్కటే కాదు. ఎర పరిమాణం తగ్గింది, తగ్గిన పరిమాణానికి తగ్గట్టు లాగే వేగం తగ్గింది, ఎర ఉండే లోతు మారింది. ఇవన్నీ ఒకేసారి మారినప్పుడు గెలుపునంతా తెల్లటి పట్టు పోగుకు కట్టబెట్టలేం. ట్రౌట్ ఎంపిక ఎంత కఠినమన్న ప్రశ్నకు ప్రయోగశాలలో కొంత జవాబు ఉంది. నీల్ రింగ్లర్ 1979లో ప్రచురించిన పరిశోధనలో బ్రౌన్ ట్రౌట్‌కు కృత్రిమ ప్రవాహంలో వేర్వేరు రకాల తిండి వదిలాడు. అనుభవం పెరిగేకొద్దీ చేపలు లాభసాటి తిండినే ఎక్కువగా ఎంచుకున్నాయి, కానీ మిగతా వాటిని రుచి చూడడం ఎప్పుడూ పూర్తిగా మానలేదు. డక్‌ఫ్లై ముమ్మరంగా లేచే సాయంత్రం చేప మొండికేయదని నేను అనను. ఆ మొండితనం ముందుగా పరిమాణం, లోతు, కదలిక విషయంలో ఉంటుందనీ, వన్నె చిన్నెలు తర్వాతివనీ అంటున్నాను.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. మేయో కౌంటీలోని బరిషూల్‌లో మేజర్ చార్లెస్ రాబర్ట్స్ కట్టిన బిబియో నలుపు ఒంటి మధ్య ఎర్రటి పట్టీ ఉన్న ఎర, దాని ఒళ్లంతా పుంజు ఈకే. అది ఏప్రిల్‌లో చేపలు పడుతుంది. పైన చెప్పిన మూర్ బంబుల్ కూడా బిరుసు ఈకదే. మరి మెత్తదనం మాటేమిటి? ఈ ఎరలు ఎక్కడ కడతారో చూస్తే జవాబు దొరుకుతుంది. ఐరిష్ పద్ధతిలో పడవను గాలికి అడ్డంగా వదిలేసి, ముందుకు చిన్న దూరాలు విసురుతారు. ఒకే దారానికి మూడు ఎరలు ఉంటాయి. బిరుసు ఈకది అన్నిటికన్నా పైన, కర్రకు దగ్గరగా ఉంటుంది. కర్ర ఎత్తినప్పుడు అది అలల మీద గీత గీసుకుంటూ వస్తుంది. దాన్ని ఆడించేది లాగే వేగం కాదు, అల. సెకనుకు మూడు సెంటీమీటర్ల లెక్క అల మీద చెల్లదు. కాబట్టి బిబియో నా మాటను కొట్టివేయడం లేదు, దాని హద్దు ఎక్కడో చూపిస్తోంది. చేప పైకి చూస్తున్నప్పుడు, గాలి వీస్తున్నప్పుడు పై ఎరకు పుంజు ఈక తగినదే. కింద, కొస ఎరకు మాత్రం పెట్ట ఈకే కావాలి. మార్చిలో ఎక్కువ చేపలు తీసుకునేది ఆ కొస ఎరనే.

కాలం మొదట్లో జలాశయాల్లో పెద్ద మెరుపు ఎరలను వేగంగా లాగి డజన్లకొద్దీ పట్టేవాళ్ల మాటేమిటని కూడా అడుగుతారు. అవి ఎక్కువగా అప్పుడే వదిలిన పెంపకపు రెయిన్‌బో ట్రౌట్‌లు, తొట్టెలో గుళికలు తిని పెరిగినవి. ఏ పురుగు వెంట ఎంత దూరం పోతే గిట్టుబాటవుతుందో నేర్చుకునే అవకాశం వాటికింకా రాలేదు. వాటిని చూసి కారిబ్ చేపకు సూత్రం రాయలేం.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది సాక్ష్యం నాణ్యత. ఎరల గురించి మనకున్న జ్ఞానంలో అధికభాగం పట్టినవాళ్ల మాటే. పేరున్న ఎరనే అందరూ కడతారు, కట్టిన దాన్నే రోజంతా నీళ్లలో ఉంచుతారు, నీళ్లలో ఎక్కువసేపు ఉన్నదానికే ఎక్కువ చేపలు పడతాయి, దాంతో దాని పేరు ఇంకా పెరుగుతుంది. పెట్టెలోంచి బయటికే రాని ఎర పట్టలేదని ఎవరూ రాసుకోరు. మెత్తటి ఈక గురించి నా వాదనకూ ఈ దోషం అంటవచ్చు, అందుకే దాన్ని జ్ఞాపకాల మీద కాకుండా స్నిగ్ధత మీదా, పోగు మందం మీదా, జీర్ణవేగం మీదా నిలబెట్టాను. దీన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. ఒకే ముల్లు, ఒకే ఒళ్లు, ఒకే రంగుతో రెండు ఎరలు కట్టి, ఒకదానికి పెట్ట ఈక, ఒకదానికి పుంజు ఈక చుట్టాలి. ఒకే దారం మీద రెండిటినీ ఉంచి, గంటకోసారి చోట్లు మార్చాలి. నీటి ఉష్ణోగ్రత, లాగిన వేగం రాసుకోవాలి. చాలామంది చాలా రోజులు ఇలా చేసి, చేప పడని గంటలను కూడా లెక్కలో చూపితే వాదన నిలుస్తుందో కూలుతుందో తేలిపోతుంది.

ఈ లెక్కంతా బురద అడుగు, నాచు పొదలు చెక్కుచెదరకుండా ఉండడం మీద ఆధారపడి ఉందని కూడా చెప్పాలి. 2005లో కారిబ్‌లోని రినరూన్ బేలో లగరోసైఫన్ అనే ఆఫ్రికా నీటిమొక్క బయటపడింది. అది తక్కువ లోతుల్లో దట్టంగా అల్లుకుని, నీటి మీద చాపలా పరుచుకుని, కింద పెరిగే స్థానిక మొక్కలకు వెలుతురు అందకుండా చేస్తుంది. అడుగు మారితే అడుగున బతికే జీవులు మారతాయి, వాటిని తినే చేప తిరిగే చోట్లూ మారతాయి. దాన్ని అణచడానికి సరస్సు అడుగున జనపనార గుడ్డ పరిచారు. వెలుతురు లేక లగరోసైఫన్ చచ్చిపోయింది, స్థానిక నాచు మొక్కలు ఆ గుడ్డ నేతలోంచే పైకి మొలిచాయి. ఎరల గురించి రాసే ప్రతివాళ్లూ ఈ పని గురించి కూడా రాయాలి. డక్‌ఫ్లై లేని సరస్సులో ఏ ఈకైనా ఒకటే.

నీరు పది డిగ్రీలు దాటాక ఈ వాదన పట్టు సడలుతుంది. ఏప్రిల్ చివర లేక్ ఆలివ్ పురుగులు లేస్తాయి, మే మధ్యకు మేఫ్లై వస్తుంది, నీరు ఇలియట్ చెప్పిన 13 డిగ్రీల వైపు నడుస్తుంది. అప్పుడు తిన్నది త్వరగా అరుగుతుంది, చేపకు వెంటాడడం గిట్టుబాటవుతుంది, లాగే చెయ్యి వేగం పెంచవచ్చు. ఆ వేగానికి పెట్ట ఈక పోగులన్నీ ఒంటికి అతుక్కుపోయి కదలిక కోల్పోతాయి, కాస్త బిరుసున్న ఈకే మేలవుతుంది. ఎప్పుడు మార్చాలో క్యాలెండర్ చెప్పదు. గాలీ, మబ్బూ, ఏడాదీ బట్టి ఆ రోజు రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. పడవ అంచు నుంచి దారానికి కట్టి దింపిన చవక థర్మామీటర్ దాన్ని చూపిస్తుంది.